నమ్మకమైన వ్యక్తి

“మీ నమ్మకమైన వ్యక్తిని ఎంచుకోవడం ఎంత తేలికగా అనిపించింది?” అని ఫారంలో అడిగారు కంపెనీవాళ్ళు. జవాబులు కూడా వాళ్ళే ఇచ్చారు. చాలా తేలిక, తేలిక, ఫరవాలేదు, కష్టం. ఒకదానికి టిక్కు పెడితే చాలు. నేను చెప్పవలసింది వాటిలో ఏదీ కాదు. ఆ ఎండాకాలం గడిచి ఇంతకాలమైనా ఆ ప్రశ్న తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. సరైన జవాబు ఇవ్వనందుకు కాదు. అలాంటి ప్రశ్నని అంత నవ్వుమొహంతో అడగవచ్చని అనుకున్నందుకు.

నేను టైపిస్టుని. ఒక మానసిక వైద్యురాలి దగ్గర పని. పేషెంటు వెళ్ళిపోయాక ఆవిడ తన గొంతుతో చెప్పి రికార్డు చేసిన వివరాలు నాకు మెయిల్లో వస్తాయి. మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, టైపు చేసి తిరిగి పంపిస్తాను. ఫైళ్ళ మీద పేర్లుండవు, అంకెలుంటాయి. ఒక మనిషి భయాన్ని ఇంకో మనిషి గొంతులో వినడం వింత పని. విన్నది వేళ్ళలోంచి బయటికి వెళ్ళిపోవాలి, లోపల నిలవకూడదు. మొదట్లో నిలిచేది. తర్వాత అలవాటైంది. నాకు పుట్టినప్పటినుంచీ మాట తక్కువ. మిగతాచోట్ల అది లోపం, ఈ పనిలో మాత్రం అర్హత.

ఎండలు ముదురుతున్న రోజుల్లో డాక్టరమ్మ ఫోన్ చేసింది.

“ఇకనుంచి మామూలు మెయిల్ వద్దమ్మా. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. మనం పంపేది దారిలో ఎవరు పట్టుకున్నా వాళ్ళకి పిచ్చిగీతలే కనిపిస్తాయట. నీ దగ్గరికొచ్చాకే మళ్ళీ మాటలవుతాయి. ఇంకా అమ్మకానికి పెట్టలేదు. ముందు మనలాంటివాళ్ళకి ఊరికే ఇచ్చి, ఎలా ఉందో రాయమంటున్నారు.”

“నేనేం రాయగలనండీ? మెయిల్ తెరవడం, మూయడం తప్ప నాకేం తెలుసు?”

“అలాంటివాళ్ళే కావాలట వాళ్ళకి.”

దాన్ని మా కంప్యూటర్లో ఎక్కించింది మా ఆయన. ఆయన లిఫ్టుల మెకానిక్. తెలియని మిషను కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఆ ఆదివారం నేను మేడమీద బట్టలు ఆరేసి దిగేసరికి, నా కుర్చీలో కూర్చుని తెర మీదికి వంగి ఉన్నారు. పక్కన అత్తయ్య బఠాణీలు ఒలుస్తోంది.

“ఏమిట్రా అంత దీక్షగా చేస్తున్నావు?” అంది అత్తయ్య.

“నీ కోడలి ఉత్తరాలకి తాళం వేస్తున్నానమ్మా.”

“దానికి మళ్ళీ వేరే తాళమెందుకు? నోటికి వేసుకునే తిరుగుతుందిగా.”

ఆయన నవ్వి నాకు కుర్చీ ఇచ్చారు. “ఇక్కడ నువ్వో వాక్యం కొట్టాలి. పాస్‌వర్డ్ లాంటి ఒక్క మాట కాదు, పూర్తి వాక్యం. అది కొడితేనే తెరుచుకుంటుంది. నాకు చెప్పకు. నేను అటు తిరుగుతాను,” అని, నిజంగానే గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆ మర్యాద నాకు నచ్చింది. నేను వాక్యం కొట్టాను.

మిగతా గడులన్నీ నేను రాకముందే నిండి ఉన్నాయి. ఫోన్ నంబరు దగ్గర ఆయన నంబరు. అందులో వింతేమీ లేదు. గ్యాసుకైనా, కరెంటుకైనా, ఆసుపత్రికైనా మా ఇంట్లో ఏ ఫారంలోనైనా ఆయన నంబరే ఇస్తాం. నా చెవి ఆపరేషనుకి కూడా, మీకు మత్తు దిగిందా అని ఆయనకే ఫోన్ వచ్చింది. ఆఖరి గడి మీద ‘నమ్మకమైన వ్యక్తి’ అని ఉంది. అందులో ఆయన పేరు.

“ఇదేమిటి?” అన్నాను.

“నువ్వు ఆ వాక్యం మర్చిపోయావనుకో. మొత్తం లోపలే ఉండిపోతుంది, కంపెనీవాళ్ళు కూడా తీయలేరట. అందుకని బయటినుంచి తెరిచే మనిషి ఒకడుండాలి. నా పేరు పెట్టేశాను.”

“నన్నడగలేదే.”

“అడగడానికేముంది? ఇంకెవరి పేరు పెడతావు?”

అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను.

మొదటి వారాల్లో నా అభిప్రాయాలు చాలా సాదాగా ఉండేవి. వారానికోసారి ఫారం వచ్చేది, నింపేదాన్ని. తెరుచుకోవడానికి ఆలస్యమవుతోంది అని రాశాను. వాక్యంలో ఒక్క అక్షరం తప్పు పడితే మొదటినుంచీ కొట్టమంటోంది అని రాశాను. ప్రతి ఉత్తరం నెత్తిన పచ్చరంగు తాళం బొమ్మ వేస్తున్నారు, అది చూస్తే ఇందులో దాచవలసిందేదో ఉందని అందరికీ తెలిసిపోతోంది అని కూడా రాశాను. దానికి ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అని జవాబు వచ్చింది.

డాక్టరమ్మ తిప్పలు ఇంకోరకం. ఆవిడ తాళం వేసి ఉత్తరం పంపేది, మరుక్షణం ఫోన్ చేసి, “అందిందా? తెరుచుకుందా? మొదటి పేరాలో ఏముందో చదువు, సరిగ్గా వచ్చిందో లేదో చూద్దాం,” అనేది. నేను ముందుగదిలో, అత్తయ్య వింటుండగా, ఒక మనిషి పీడకలని పైకి చదవాలి. చదవనండీ అంటే, నిజమేనమ్మా అని నాలిక కరుచుకునేది. క్లినిక్కులో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ మరీను. తెర మీద చదివితే కళ్ళు లాగుతున్నాయని, తాళం తీసిన ప్రతి ఉత్తరాన్నీ కాగితం మీదికి దించి, ఎగిరిపోకుండా దాని మీద టీకప్పు పెట్టేది. ఇవన్నీ నాకు నవ్వుగా ఉండేవి. మనుషులు తాళానికి అలవాటు పడటానికి కొంతకాలం పడుతుంది అనుకునేదాన్ని.

మా ఆడపడుచు డ్రైవింగ్ స్కూల్లో టీచరు. మాకు రెండు వీధుల అవతల ఒక మేడగది అద్దెకి తీసుకుని ఒక్కతే ఉండేది. స్కూలువాళ్ళిచ్చిన పసుపురంగు చొక్కా తొడుక్కుని, స్కూలు కారులోనే మా ఇంటికి వచ్చి, వీధిలో కావాలనే గట్టిగా హారన్ కొట్టి, వాళ్ళమ్మ చేత తిట్లు తినడం ఆమెకి సరదా. ఆ ఎండాకాలం హారన్ వినపడటం మానేసింది. ఎండన పడి నడిచి వచ్చేది.

“ఊరందరికీ కారు నేర్పే దానివి, కాళ్ళీడ్చుకుంటూ వస్తావేమే?” అంది అత్తయ్య.

“లావెక్కుతున్నానమ్మా. అందుకని నడుస్తున్నాను.”

“నువ్వా? గాలొస్తే పట్టుకోవాలి నిన్ను.”

ఆమె నవ్వలేదు. నావైపు చూడలేదు. చూడకపోవడంలోనే ఆమె మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తోందన్న సంగతి మా ఇద్దరికీ తెలుసునన్న విషయం ఉంది.

కొన్నాళ్ళ ముందు ఒక ఫైలు వింటూ నాలుగు వాక్యాలు దాటకుండానే అది ఎవరిదో పోల్చుకున్నాను. ఫైలు ఆపి డాక్టరమ్మకి ఫోన్ చేశాను, ఇది మావాళ్ళ అమ్మాయిది, ఇంకొకరికివ్వండి అని. ఆవిడ ఆ మాట ఆమెనే అడిగింది. మర్నాడు నాకు చెప్పింది. “మా వదిన టైపు చేస్తే ఫరవాలేదు అందమ్మా. మా వదిన కడుపులో పడితే ఇక బయటికి రాదు అంది.” నన్ను గురించి ఎవరైనా అన్న మంచిమాటల్లో దాన్ని మించింది లేదు.

ఆ ఫైల్లో ఉన్నది ఇది. కారులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెకి చేతులు బిగుసుకుపోతున్నాయి. ఊపిరి అందదు. కారు పక్కకి తీసి ఆపి, దిగిపోవాలి. పక్కన మనిషి ఉంటే, అది ఈ రోజే స్టీరింగు పట్టుకున్న కొత్త మనిషైనా సరే, ఏమీ కాదు. పాఠం చెప్పేటప్పుడు ఆమె కాలు తనవైపున్న రెండో బ్రేకు మీద స్థిరంగా ఉంటుంది, గొంతు వణకదు. భయం బండిది కాదు, ఖాళీ సీటుది అంది డాక్టరమ్మ రికార్డులో. నెమ్మదిగా తగ్గుతోంది, పని మానడం మాత్రం మంచిది కాదు, ఇప్పుడు ఆమెని నిలబెడుతున్నది ఆ పనే అని కూడా అంది. ఇది నేను నా చేతులతో టైపు చేశాను.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన భోజనానికొచ్చి, చెయ్యి కడుక్కుంటూ, “ఇవాళ మీ క్లినిక్ బిల్డింగులో లిఫ్టు బాగుచేశాను,” అన్నారు.

“ఊఁ.”

“మన చిన్నీ కనబడింది. డాక్టరమ్మ గదిలోంచి వస్తోంది. నన్ను చూసి మెట్ల మీదుగా దిగిపోయింది.”

నేను గిన్నెలు సర్దుతున్నాను.

“ఏమైంది దానికి?”

“నాకేం తెలుసు?”

“టైపు చేసేది నువ్వేగా.”

“పేషెంట్ల సంగతి అడక్కండి. మీకు తెలుసుగా.”

“పేషెంటా? అది నా చెల్లెలు. దానికి నడక నేర్పింది నేను.”

“అయితే దాన్నే అడగండి.”

“అడిగితే చెప్పదు. నీలాగే.” ఆయన గొంతులో కోపం లేదు. కంగారుంది. ఎవరైనా లోపల ఇరుక్కున్నారని ఫోన్ వస్తే భోజనం వదిలేసి పరిగెత్తే మనిషి. ఆ మనిషికి చెల్లెలు లోపలెక్కడో ఉందని తెలిసి, ఏ అంతస్తులో ఉందో తెలియలేదు. నాకు జాలి వేసింది. ఆ జాలిని కూడా ఇప్పుడు నేను అనుమానంగా చూస్తాను.

ఆయన మళ్ళీ అడగలేదు. నేను దాన్ని మంచితనం అనుకున్నాను.

తర్వాత వచ్చిన వారం మొదట్లో మా ఆడపడుచు వచ్చింది. అత్తయ్య పక్కింటికి వెళ్ళింది. నేను హెడ్‌ఫోన్లు తీసి లేచాను. ఆమె కూర్చోలేదు. ఒంటి మీద పసుపు చొక్కా లేదు.

“నన్ను కౌంటరులో కూర్చోబెట్టారు వదినా. ఫోన్లు ఎత్తడానికి.”

“ఎందుకు?”

“మా ఓనరు చాలా మర్యాదగా చెప్పాడు. మీ అన్నయ్యగారు వచ్చారమ్మా, ఆరోగ్యం బాగాలేదని చెప్పారు, కారు పట్టుకుంటే భయమట కదా, ముందే చెప్పి ఉంటే బాగుండేది, మా మీద పడితే ఎవరిది బాధ్యత, అని.” ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. “కారు పట్టుకుంటే భయం అన్న మాట నేను డాక్టరమ్మ దగ్గర తప్ప ఎక్కడా అనలేదు.”

“నేను చెప్పలేదు,” అన్నాను.

“నేను అడగలేదు వదినా.”

వెళ్ళిపోయింది. నాకు ముందు కలిగింది బాధ కాదు. గది నిండా ఉన్న ఒక వస్తువుని ఇన్నాళ్ళూ చూడకుండా దాని మధ్యనుంచే నడిచినట్టనిపించింది. కంప్యూటరు దగ్గరికెళ్ళాను. పచ్చతాళాలు వరసగా ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు.

మా ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అడిగితే చెప్పేశారు. బూట్లు విప్పుతూ, తలెత్తకుండా.

“నేనే చూశాను. దొంగతనంగా కాదు. అందులో నా పేరుంది. ‘వాక్యం మర్చిపోయారా’ అన్నచోట నొక్కాను. వాళ్ళు ఫోన్‌కి మెసేజ్ పంపారు, ఇది మీరేనా, అవునంటే తెరుచుకుంటుంది అని.”

“ఎవరి ఫోన్‌కి?”

“నా ఫోన్‌కే. నంబరు నాదే కదా ఇచ్చింది.”

“మీరేమన్నారు?”

“అవును అన్నాను.”

అంటే తలుపు కొట్టిందీ ఆయనే, లోపలినుంచి ఎవరని అడిగిందీ ఆయన్నే, నేనే అని చెప్పిందీ ఆయనే. ఆ సంభాషణ మొత్తంలో నేను లేను. నా తాళం, నా పని, నా పేరున్న పెట్టె.

“ఎంతవరకు చదివారు?”

“డ్రైవింగ్ స్కూలు అన్న మాట ఉన్నదాంట్లో మొదటి పేజీ. స్టీరింగు పట్టుకుంటే చేతులు బిగుసుకుపోతున్నాయని ఉంది. ఇంక చదవబుద్ధి కాలేదు. కాళ్ళూ చేతులూ ఆడలేదు నాకు. అది రోజంతా రోడ్డు మీదుంటుంది, నీకర్థమవుతోందా? రేపు ఏదైనా అయితే?”

“రెండో పేజీలో ఏముందో తెలుసా?”

“ఏముంది?”

“చదవవలసింది. తలుపు బద్దలుకొట్టి లోపలికి పోయినవాళ్ళు కనీసం గది మొత్తం చూస్తారు. మీరు గుమ్మంలో నిలబడి చూసి, వెళ్ళి ఊరికి చెప్పారు.”

“ఊరికి కాదు. ఓనరుకి. దానికి ఇబ్బంది లేని పని ఇవ్వండని బతిమాలాను. ఉద్యోగం తీసెయ్యొద్దని చెప్పాను. తప్పా?”

అత్తయ్య మధ్యలోకి వచ్చింది. “వాడు మంచికేగా చేశాడు. అన్న కాకపోతే ఎవరు చూస్తారు? అయినా మొగుడి దగ్గర నీకు తాళాలేమిటే?”

“తాళం నాది కాదు అత్తయ్యా. ఆ అమ్మాయిది.”

“ఆ అమ్మాయి వీడికి పరాయిదా?”

ఆ మాటకి మా ఇంట్లో ఎదురుమాట లేదు. అది నాకు ఆ క్షణాన స్పష్టంగా తెలిసింది. ప్రేమ ఉన్నచోట తలుపు అవమానం. తలుపు మూసినవాడే తప్పు చేసినవాడు. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు దూరానున్న దొంగల గురించి ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటారో గానీ, మనల్ని ప్రేమించే మనిషి గురించి ఒక్క పూట ఆలోచించలేదు. ఆలోచించలేదు సరికదా, ఆయనకి ప్రత్యేకంగా ఒక గడి గీసి ఇచ్చారు.

నా ఒత్తిడి మీద మా ఆయన మళ్ళీ ఓనరు దగ్గరికెళ్ళారు. పక్కన మనిషుంటే భయమే లేదట, నేను సగమే తెలుసుకుని చెప్పాను అన్నారట. ఓనరు విన్నాడట. “మొన్న భయమన్నది మీరే, ఇవాళ లేదంటున్నదీ మీరే. నేను ఏ మాట నమ్మను?” అన్నాడట. తిరిగొచ్చి ఈ మాటలు చెబుతున్నప్పుడు మా ఆయన మొహం చూడలేకపోయాను. అయినా నా కోపం తగ్గలేదు. ఆయన బాధపడుతున్నారు కాబట్టి నేను ఊరుకోవాలన్నది కూడా ఆ ఇంటి పాత పద్ధతే అని నాకు అప్పటికి తెలుస్తోంది.

నెలాఖర్లో కంపెనీ మనిషి క్లినిక్కుకి వచ్చాడు, మొదట వాడినవాళ్ళందరి అభిప్రాయాలూ ముఖాముఖి వినడానికి. వెయిటింగ్ రూములో కుర్చీలు గుండ్రంగా వేశారు. డాక్టరమ్మ, కౌంటరు ఆవిడ, లెక్కలు చూసే ఆయన, నేను. డాక్టరమ్మకి నేను అంతా ముందే చెప్పాను, ఆవిడ కంపెనీకి రాసింది. ఆవిడ ఆ ఉదయమే మా ఆడపడుచుకి ఫోన్ చేసి, ఏం జరిగిందో దాచకుండా చెప్పి, క్షమాపణ అడిగింది. అది ఆవిడ గొప్పతనం. కానీ ఆ అమ్మాయి ఇక రానందట.

కంపెనీ మనిషి శాంతంగా మాట్లాడాడు. “మేం అంతా పరిశీలించామండీ. ఎక్కడా లోపం జరగలేదు. అభ్యర్థన మీరు నమోదు చేసిన వ్యక్తి నుంచే వచ్చింది. హెచ్చరిక మీరు నమోదు చేసిన నంబరుకే వెళ్ళింది. సమ్మతి కూడా వచ్చింది. వ్యవస్థ సరిగ్గా పనిచేసింది.”

“సమ్మతి నాది కాదు.”

“మీ నంబరు నుంచే వచ్చిందండీ.”

“నంబరూ నాది కాదు.”

“మరి మీ సొంత నంబరు ఎందుకివ్వలేదు?” నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

నేను కౌంటరు ఆవిడ వైపు తిరిగాను. “మీ నమ్మకమైన వ్యక్తి ఎవరండీ?”

“మా పెద్దాడు. వాడే ఎక్కించాడు. నంబరు కూడా వాడిదే, నాకు మెసేజీలు చూడటం రాదుగా.”

లెక్కల ఆయన దగ్గి, “మా బావమరిది,” అన్నాడు. “కంప్యూటర్ వాడిచ్చిందేలెండి.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడవసాగింది. “మావారు,” అంది, ఎవరివైపూ చూడకుండా. ఆ గదిలో గోడ మీద ‘ఇక్కడ మీరు చెప్పేది ఇక్కడే ఉంటుంది’ అన్న బోర్డు ఉంది. ఆవిడ దాని కిందే కూర్చుంది.

“మీ సంగతి చెప్పండి,” అన్నాను కంపెనీ మనిషితో. “మీకెవరు?”

“మా ఉద్యోగుల మెయిల్లో ఆ గడి ఉండదండీ.”

“ఎందుకని?”

“భద్రత కోసం,” అన్నాడు. అన్నాక ఆ మాట అతనికే వినపడింది. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ రోజు ఇచ్చిన ఫారంలో నేను టిక్కులు పెట్టలేదు. వెనకవైపు ఖాళీ జాగా అంతా రాశాను. నా జీవితంలో అంత కోపంగా ఎప్పుడూ టైపు కూడా చెయ్యలేదు. మీ తాళం బాగుంది, కానీ తాళంచెవి ఎవరిదగ్గర ఉండాలో అడిగే ముందు అడుగుతున్నది ఎవరినో చూసుకోండి; ఆ కుర్చీలో కూర్చుని గడులు నింపుతున్న మనిషే ఆ పెట్టె యజమాని అని మీకెవరు చెప్పారు; ఇళ్ళల్లో కంప్యూటరు ఎవరు తెరుస్తారో, ఫారాలు ఎవరు నింపుతారో మీలో ఒక్కరికీ అమ్మో అక్కో చెప్పలేదా; అని రాశాను. ఎండలు తగ్గుముఖం పట్టాక వాళ్ళ నివేదిక వచ్చింది, రంగురంగుల బొమ్మలతో. నమ్మకమైన వ్యక్తిని ఎంచుకోవడం అత్యధికులకు చాలా తేలికగా అనిపించిందట. కొందరు వినియోగదారులు అదనపు ఫోన్ నంబరు సౌకర్యం కోరారట. ఆ కొందరు నేనే.

ఆ నివేదిక చదివిన సాయంత్రం మా ఆడపడుచు గదికి వెళ్ళాను. అన్నాళ్ళూ వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆమె ఇస్త్రీ చేసుకుంటోంది. బల్ల మీద నీలంరంగు చొక్కా. పసుపుది కాదు.

“కూర్చో వదినా.”

“నేను చెప్పలేదని నీకు తెలిసిందిగా,” అన్నాను. నాకు తెలియకుండానే ఆ మాటతో మొదలుపెట్టాను.

“తెలిసింది. డాక్టరమ్మ అంతా చెప్పింది.” ఇస్త్రీపెట్టె నిలబెట్టి నన్ను చూసింది. “నువ్వు నోరు జారి ఉంటే నాకింత కష్టంగా ఉండేది కాదు. నోరు జారడం మనుషులకి ఉన్నదే. ఏడుస్తారు, క్షమించమంటారు, అయిపోతుంది. ఎండాకాలమంతా అన్నయ్య చేతిలో నీ తాళంచెవి ఉంది. నా సంగతులు అందులో ఉన్నాయని నీకు తెలుసు. ఒక్కరోజు కూడా నీకు వింతగా అనిపించలేదు.”

“ఎవరికీ అనిపించలేదు. డాక్టరమ్మకి కూడా.”

“నేను డాక్టరమ్మని నమ్మి ఒప్పుకోలేదు వదినా.”

ఏదైనా అనడానికి నా దగ్గర ఉన్న కోపమంతా వాళ్ళ మీదా వీళ్ళ మీదా ఖర్చుపెట్టేశాను. ఇక్కడికొచ్చేసరికి చేతులు ఖాళీగా ఉన్నాయి.

ఆమె చొక్కా మడత పెట్టింది. “వేరే స్కూల్లో చేరాను. ఆ ఓనరు ఒక పెద్దావిడ. భయం సంగతి నేనే చెప్పేశాను, చేరకముందే. పక్కన ఎవరో ఒకరుంటే చాలండీ అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, నేర్పే కారులో పక్కన ఎవరో ఒకరు లేకుండా ఎప్పుడుంటారమ్మా అంది.”

ఆమె నవ్వింది. చాలారోజుల తర్వాత విన్న నవ్వు. నేను నవ్వలేకపోయాను.

“ఎక్కడో నీకు చెప్తాను,” అంది. “అమ్మకి చెప్పలేదు. అన్నయ్యకి చెప్పలేదు. చెబితే రేపొద్దున అక్కడికీ వస్తాడు, దీన్ని జాగ్రత్తగా చూసుకోండి అని. నీకెందుకు చెప్తున్నానంటే, ఈసారి ఇది నీ కంప్యూటర్లో ఉండదు. అన్నయ్యకి తెలిసిందంటే ఎలా తెలిసిందో నేను ఎవర్నీ అడగక్కర్లేదు.”

చెప్పింది. వీధి పేరు, గుర్తు, ఆవిడ పేరు కూడా. నేను విన్నాను. హెడ్‌ఫోన్లు లేకుండా, వేళ్ళలోంచి ఎక్కడికీ పోనివ్వకుండా విన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నారు. ఎక్కడికెళ్ళానో అత్తయ్య చెప్పినట్టుంది. బల్ల మీద టీ పోసి ఉంది, నాకూ ఆయనకీ. కూర్చున్నాను.

“ఎలా ఉంది?”

“బాగుంది.”

“ఏదైనా పనిలో చేరిందా? ఫోన్ ఎత్తడం లేదు. పాత స్కూల్లో మానేసిందన్నారు.”

“చేరింది.”

“ఎక్కడ? నీకు తెలుసా?”

తెలియదు అనవచ్చు. ఇన్నేళ్ళూ ఏది దాచవలసి వచ్చినా నేను ఆ మాటే అన్నాను. అది ఎవరినీ నొప్పించదు, తలుపు ఉన్నట్టే కనపడనివ్వదు.

“తెలుసు,” అన్నాను. “చెప్పను.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. “చెప్పవా? నేను దాని అన్నని.”

“అవును.”

“ఒట్టేసి చెప్తున్నా, వెళ్ళను. ఊరికే తెలుసుకుంటాను.”

“మీరు వెళ్ళరని నమ్ముతాను. అయినా చెప్పను.”

అత్తయ్య గోడకానుకుని అంతా వింటోంది. కూతురి గురించి ఆవిడ మనసు కొట్టుకుంటోందని నాకు తెలుసు. “నాకైనా చెప్పవే. నేనెవరికి చెప్తాను?” అంది.

“మీకూ చెప్పను అత్తయ్యా.”

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “తింటోందా సరిగ్గా?”

“తింటోంది. నవ్వింది కూడా.”

“సరే అయితే,” అని లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆయన అక్కడే ఉండిపోయారు. నేను మనసు మార్చుకుంటానని కాసేపు చూశారు. మా ఇంట్లో ఎవరూ ఎవరికోసమూ అలా మూసిన తలుపు బయట నిలబడి ఎదురుచూసిన సందర్భం నాకు గుర్తులేదు. టీ చల్లారింది. ఆయన తాగలేదు. నేను తాగాను.